డెబ్భై ఐదు రోజుల పండగలో పళ్ళ సంగతి

ఛత్తీస్‌గఢ్‌లో జరిగే బస్తర్ దసరాలో రావణుణ్ణి తగలబెట్టరు. అసలు ఈ దసరాకు రాముడి కథతో సంబంధమే లేదు. ఇది దంతేశ్వరీ అమ్మవారి పండగ. మన లెక్కలో ఆషాఢ అమావాస్య నాడు, అక్కడివాళ్ళు హరేలీ అనే రోజున, రథానికి తెచ్చిన తొలి దుంగకు పూజ చేయడంతో మొదలై ఆశ్వయుజం దాకా 75 రోజులు సాగుతుంది. చివరి రోజుల్లో దంతెవాడ నుంచి అమ్మవారి డోలీ జగదల్‌పూర్‌కు వస్తుంది. దంతెవాడ అంటే సతీదేవి దంతం పడిన చోటని చెప్పుకునే శక్తిపీఠం. పళ్ళ గురించి రాయడానికి ఇంతకంటే తగిన ఊరు దొరకదు.

ఈ పండగకు మనవాళ్ళు తక్కువేమీ రారు. విశాఖ నుంచి కిరందుల్ రైలెక్కి వచ్చేవాళ్ళు, భద్రాచలం, కుంట మీదుగా రోడ్డున వచ్చేవాళ్ళు, బైలడీలా గనుల్లో పనిచేస్తూ బచేలీ, కిరందుల్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు. ఆ మాటకొస్తే ఈ పండగను నడిపిన రాజవంశమే ఓరుగల్లు పడిపోయాక ఇటు వచ్చిన కాకతీయ అన్నమదేవుడి వంశం. రథం తిరిగే రోజుల్లో జగదల్‌పూర్ వీధుల్లో జిలేబీ మూకుళ్ళు పొద్దున్నుంచి దిగవు. పేపరు ముక్కలో పెట్టి ఇచ్చిన వేడి జిలేబీని పిల్లవాడు కొరికితే పాకం మోచేతి దాకా కారుతుంది. గోధుమపిండీ బెల్లమూ కలిపి నూనెలో దేవే బోబోలు, బతాసాలు, పీచుమిఠాయి సరేసరి. దసరా అయ్యాక దీపావళి, ఆ వెంటనే ఊరూరా మడయి జాతరలు, చివరికి దంతెవాడలో ఫాగున్ మడయి. లెక్కేస్తే ఏడాదిలో సగం రోజులు తీపి చేతికందే దూరంలోనే ఉంటుంది.

ఇన్ని రోజులు పిల్లల్ని తీపికి దూరంగా ఉంచడం అయ్యే పని కాదు. ఆ సలహా ఇచ్చేవాళ్ళు జాతరకు వెళ్ళి ఉండరు. ఏం తిన్నామన్నదానికంటే ఎలా తిన్నామన్నది పళ్ళకు ముఖ్యం. అది అర్థం కావాలంటే మొదటి ప్రశ్న నుంచి రావాలి.

తీపి తింటే పన్ను ఎందుకు పుచ్చుతుంది?

పంటిని తొలిచే పురుగేదీ లేదు. ఆ పనిచేసేది యాసిడ్. పొద్దున లేవగానే నాలుక తగిలితే జిగటగా అనిపించే పాచి ఉందే, అదంతా సూక్ష్మజీవుల పొర. అందులో ముఖ్యమైనదాన్ని 1924లో జె. కిలియన్ క్లార్క్ అనే శాస్త్రవేత్త పుచ్చుపళ్ళలో గుర్తించి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని పేరు పెట్టాడు. మనం తిన్న చక్కెరే దానికి తిండి. తిని, యాసిడ్ విడుస్తుంది. పైగా అదే చక్కెరతో జిగురు తయారుచేసుకుని పంటికి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది.

పంటి పైపొర ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికంటే గట్టిది, ఎముక కంటే కూడా. అంత గట్టిదానికీ ఒక బలహీనత ఉంది. నోట్లో పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి దిగితే, అంటే పులుపు ఆ మేరకు పెరిగితే, ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది. తీపి నోట్లో పడ్డ కొద్ది నిమిషాల్లోనే పాచి కింద పీహెచ్ ఆ గీత దిగిపోతుందనీ, మళ్ళీ మామూలుకు రావడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుందనీ 1940లలో అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ కొలిచి చూపించాడు. ఆ కొలతలతో గీసిన గీతను ఈ రోజుకీ దంతవైద్య విద్యార్థులు మొదటి ఏళ్ళలోనే నేర్చుకుంటారు.

మళ్ళీ మామూలుకు తెచ్చేది మన లాలాజలమే. యాసిడ్‌ను విరిచి, కరిగిపోయిన కాల్షియాన్ని తిరిగి పంటిలోకి చేరుస్తుంది. అంటే పన్ను రోజూ కొంచెం కరుగుతూ, కొంచెం పూడుతూ ఉంటుంది. పూడే దానికంటే కరిగేది ఎక్కువైన రోజులు వరసగా వస్తే మొదట సుద్దముక్కతో గీసినట్టు తెల్లమచ్చ పడుతుంది. ఆ దశలో జాగ్రత్తపడితే పన్ను తనంతట తానే కోలుకోగలదు. గుంట పడ్డాక మాత్రం ఫిల్లింగే గతి.

ఎక్కువ తింటే ప్రమాదమా, ఎక్కువసార్లు తింటేనా?

ఎక్కువసార్లు తింటేనే. ఇది తెలుసుకోవడానికి మనుషులు చెల్లించిన మూల్యం తలుచుకుంటే మాత్రం సిగ్గేస్తుంది. 1945లో స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో వీపెహోల్మ్ అనే ఆసుపత్రిలో బుద్ధిమాంద్యం ఉన్న రోగుల మీద ఒక అధ్యయనం మొదలుపెట్టారు. వాళ్ళు ఒప్పుకోలేదు, ఒప్పుకునే స్థితిలోనూ లేరు. కొందరికి భోజనంతో పాటు చక్కెర ఇచ్చారు. కొందరికి భోజనాల మధ్యలో, పళ్ళకు అంటుకుపోయేలా తయారుచేసిన టాఫీలు ఇచ్చారు. భోజనంతో పాటు చక్కెర తిన్నవాళ్ళ పళ్ళు పెద్దగా పాడవలేదు. మధ్యమధ్యలో టాఫీ చప్పరించినవాళ్ళ పళ్ళు దారుణంగా పుచ్చిపోయాయి. ఇప్పుడు ఏ దేశంలోనూ అలాంటి ప్రయోగాన్ని అనుమతించరు, అనుమతించకూడదు కూడా. అందులో తేలిన విషయం మాత్రం నిలబడింది. పిల్లలకు మిఠాయి శనివారం మాత్రమే అనే స్వీడన్ వాళ్ళ అలవాటు దాని ఫలితమే.

మట్టిగోడను చూసినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. ఒక్క జోరువానకు గోడ కూలదు. తెల్లారి ఎండ కాస్తే ఆరిపోతుంది. ఎడతెరిపి లేని ముసురు పట్టిందంటేనే అడుగు నాని ఒరుగుతుంది. రథం చూసి వచ్చి, భోజనం అయ్యాక నాలుగు జిలేబీలు ఒకేసారి తిన్న పిల్లవాడి నోట్లో యాసిడ్ ఒక్కసారి లేచి అణిగిపోతుంది. అవే నాలుగు జిలేబీలు పొట్లంలో పెట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటకొక ముక్క తిన్నవాడి పళ్ళకు రోజంతా ఎండ తగలదు.

కాబట్టి ఇంట్లో పెట్టుకోవాల్సిన నియమం ఇదొక్కటే. తీపిని భోజనం వెంట తినాలి, ఒకేసారి తినాలి, అయిపోయాక మంచినీళ్ళతో పుక్కిలించాలి. భోజనం వెంటే ఎందుకంటే నమిలేటప్పుడు లాలాజలం ఎలాగూ ఊరుతూ ఉంటుంది. జేబులో చాక్లెట్లు పోసుకుని తిరగడం, ఊరు చేరేదాకా బస్సులో గోళీ మిఠాయి చప్పరించడం, గంటల తరబడి చక్కెర టీ కొంచెం కొంచెంగా చప్పరించడం, ఇవే ప్రమాదం. చివరిది పిల్లల అలవాటు కాదు, పెద్దలదే.

బెల్లం, ఇప్పపువ్వు ఆరోగ్యమే కదా?

ఒంటికి సంగతేమో గానీ పంటికి తేడా లేదు. పాచిలోని సూక్ష్మజీవికి బెల్లం చక్కెరా, పంచదార చక్కెరా ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో విడి చక్కెరలు (ఫ్రీ షుగర్స్) రోజు మొత్తం శక్తిలో పదోవంతు దాటకూడదనీ, ఇరవయ్యో వంతుకు, అంటే పెద్దవాళ్ళకు సుమారు 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మంచిదనీ చెప్పినప్పుడు తేనెను కూడా ఆ లెక్కలోనే వేసింది.

ఇప్పపువ్వు మాట వేరే చెప్పాలి. బస్తర్ అడవి పల్లెల్లో వేసవి తెల్లవారుజామున రాలిన పువ్వులేరడం ఇంటిల్లిపాదీ చేసే పని. ఎండబెట్టిన ఇప్పపువ్వులో చక్కెర చాలా ఉంటుంది, ఎండుద్రాక్షలా పళ్ళ సందుల్లో అంటుకుంటుంది. అయినా తరతరాలుగా దాన్ని ఎక్కువగా వండుకునే తిన్నారు, ఒక పూట తిండిగా తిన్నారు. పొద్దస్తమానం చప్పరించే వస్తువు కాదది.

చింతపండు చాక్లెట్ గురించి నాకు కొంచెం బెంగ ఉంది. జగదల్‌పూర్ చింతపండు మార్కెట్‌కు దేశమంతా పేరుంది. ఆ చింతపండుతోనే మహిళా సంఘాలు పుల్లటి తియ్యటి చాక్లెట్లు చేసి అమ్ముతున్నాయి. అడవి బిడ్డల చేతికి నాలుగు డబ్బులు వస్తున్నాయి, రుచి కూడా బాగుంటుంది, కొనండి. కానీ పంటి వైపు నుంచి చూస్తే దానిలో రెండు దెబ్బలున్నాయి. పులుపు తిన్నగా ఎనామిల్‌ను కరిగిస్తుంది, తీపి సూక్ష్మజీవి ద్వారా కరిగిస్తుంది. పైగా అతుక్కుపోతుంది. కూల్‌డ్రింక్ కూడా ఇదే కోవ. ఇలాంటివి తిన్న వెంటనే బ్రష్ పట్టుకోకూడదు. మెత్తబడ్డ పైపొర అరిగిపోతుంది. నీళ్ళు పుక్కిలించి, కనీసం అరగంట ఆగి తోముకోవాలి.

మొత్తం మీద తొందరగా కరిగి గొంతు దిగే పాలకోవా, రసగుల్లా లాంటివి కొంత నయం. నోట్లో ఎక్కువసేపు ఉండేవీ, అంటుకునేవీ చేటు. పీచుమిఠాయి అంత పెద్దగా కనిపిస్తుంది గానీ చిటికెలో మాయమవుతుంది. పంటి లెక్కలో అది దొంగేమీ కాదు.

అడవిలో పుల్లతో తోముకునేవాళ్ళ పళ్ళు గట్టిగా ఉంటాయంటారు, నిజమేనా?

బస్తర్ సంతల్లో పుల్లల కట్టలు అమ్మే ఆడవాళ్ళు తెల్లారేసరికే వచ్చి కూర్చుంటారు. జానెడు పొడవు, చిటికెన వేలంత లావు. ఎక్కువగా సర్గీ పుల్ల, అంటే సాలవృక్షం కొమ్మ. మన గుగ్గిలం చెట్టు అదే. వేప, కానుగ కూడా దొరుకుతాయి. కొసను కొరికి నమిలితే పీచు విడి కుంచెలా అవుతుంది. ఆ కుంచెతో రుద్దుకుని, చివరికి పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకుంటారు. మన పల్లెల్లో తాతలు చేసిన పనే.

పుల్ల మంచిదే, ఒక కారణం వల్ల మరీ మంచిది: సమయం పడుతుంది. పుల్ల నములుతూ చెరువు దాకా వెళ్ళి వచ్చే మనిషి పది నిమిషాలు పళ్ళకు కేటాయిస్తాడు. పట్నంలో బ్రష్ పట్టినవాడు అర నిమిషం కూడా పెట్టడు. నమలడం వల్ల లాలాజలమూ బాగా ఊరుతుంది. అయితే ముందు పళ్ళను శుభ్రం చేసినంత బాగా పుల్ల దవడ పళ్ళ లోపలి వైపును శుభ్రం చేయలేదు. గట్టి పుల్లతో అడ్డంగా బరబరా రుద్దితే చిగురు కిందికి జారుతుంది. పుల్లలో ఫ్లోరైడ్ కూడా ఉండదు. అడవిలో పళ్ళు గట్టిగా ఉండడానికి సగం కారణం పుల్లయితే, మిగతా సగం తిండిలో మిఠాయి లేకపోవడం. సంతలోకి రూపాయి చాక్లెట్, బిస్కెట్ పొట్లం వచ్చాక పుల్ల ఒక్కటే సరిపోయే రోజులు పోయాయి.

నా మాట అడిగితే పొద్దున పుల్ల, రాత్రి బ్రష్. రాత్రిదే తప్పనిసరి. నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు కాబట్టి, రాత్రి పళ్ళ మీద తీపి వదిలేసి పడుకుంటే దాన్ని కడిగే దిక్కుండదు. పొద్దున లేవగానే తోముకోవడం మనకు ఆచారం. పడుకునే ముందు తోముకోవడం మాత్రం చాలా ఇళ్ళలో ఇంకా అలవాటు కాలేదు. పేస్టు పెట్టె మీద ఫ్లోరైడ్ సుమారు 1000 పీపీఎమ్ అని ఉందో లేదో చూడండి. తోముకున్నాక ఉమ్మేసి ఊరుకోవాలి. బుగ్గల నిండా నీళ్ళు పోసి పదిసార్లు పుక్కిలిస్తే పళ్ళకు పట్టాల్సిన ఫ్లోరైడ్ అంతా నీళ్ళ పాలవుతుంది.

ఫ్లోరైడ్ అంటే నల్లగొండను పట్టిన పీడే కదా?

పీడ నీళ్ళలోది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదు. 1.5 దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, ఇంకా పెరిగితే ఎముకలు వంకర్లు పోవడం. నల్లగొండ కథ మనకు తెలిసిందే. బస్తర్‌లోనూ బకావండ్ బ్లాకులో, బీజాపూర్ జిల్లాలో తెలుగు వినిపించే భోపాలపట్నం వైపు అలాంటి ఊళ్ళున్నాయి. అక్కడ ముందు బోరు నీళ్ళు పరీక్ష చేయించాలి, తాగడానికి వేరే నీళ్ళు చూసుకోవాలి. పేస్టు మింగేది కాదు, పంటి పైపొరకు పట్టించి ఉమ్మేసేది. మింగేసే వయసు పిల్లలకు మాత్రం కొలత పాటించాలి. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠానీ గింజంత. ప్రకటనల్లో బ్రష్ పొడవునా అలల్లా వేసే పేస్టు అమ్మకం కోసం తప్ప పళ్ళ కోసం కాదు.

తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, కొన్నాళ్ళు మానేయనా?

సరిగ్గా తిరగేసి చేయాలి. రక్తం వస్తోందంటే చిగురు అంచున పాచి పేరుకుని చిగురు వాచిందని అర్థం. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఆరోగ్యంగా ఉన్న కొందరి చేత పళ్ళు తోముకోవడం పూర్తిగా మాన్పించారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టిన వారం పది రోజుల్లో అందరికీ వాపు తగ్గిపోయింది. పండగ హడావిడిలో, ప్రయాణాల్లో రెండు మూడు వారాలు పళ్ళను పట్టించుకోకపోతే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చూపించలేదు. మెత్తటి బ్రష్‌తో, చిగురు అంచున ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు నిదానంగా తోముతూ పోతే రక్తం తగ్గిపోతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే పాచి గట్టిపడి గార కట్టిందన్నమాట. గార బ్రష్‌కు పోదు, డాక్టరు తీయాల్సిందే. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయనేది వట్టి భయం. అప్పటికే చిగురు జారి ఉన్న పంటిని గార పట్టి ఉంచుతుంది కాబట్టి, అది తీసేసరికి అసలు సంగతి బయటపడుతుంది, అంతే.

చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు చిగుళ్ళ వాపు త్వరగా ముదురుతుంది. చిగుళ్ళు పాడైతే రక్తంలో చక్కెర కూడా అదుపులోకి రాదు. ఛత్తీస్‌గఢ్‌లో 2019లో మొదలైన హాట్ బజార్ క్లినిక్ పథకంలో వైద్య బృందాలు సంతలకే వెళ్ళి బీపీ, షుగర్ చూడడం మొదలుపెట్టాయి. నలభై దాటి, చిగుళ్ళు పదేపదే వాచేవాళ్ళు ఒకసారి షుగర్ చూపించుకోవడం మంచిది.

గుడాఖూతో తోముకుంటే నొప్పి తగ్గుతుందంటున్నారు, అదేమిటి?

ఛత్తీస్‌గఢ్, ఒడిశాలలో ఏ కిరాణా కొట్టులో చూసినా చిన్న గుండ్రటి డబ్బీల్లో దొరికే నల్లటి ముద్ద. పొగాకు పొడి, బెల్లపు మడ్డి, సున్నం వగైరా కలిపి చేస్తారు. వేలితో తీసి పళ్ళకు, చిగుళ్ళకు రాసి కాసేపు అలాగే ఉంచుతారు. పళ్ళు తోముకోవడమనే పేరుతో రోజుకు ఐదారుసార్లు రాసుకునే ఆడవాళ్ళున్నారు. అమ్మ రాసుకుంటుంటే చూసి పిల్లలు కూడా. మనకిది వింతగా అనిపిస్తే ఉత్తరాంధ్రలో చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వల్ని గుర్తు చేసుకోండి. ఇద్దరూ దాన్ని వ్యసనమనుకోరు.

నొప్పి తగ్గినట్టు అనిపించడం అబద్ధం కాదు. అదే దానిలోని మోసం. నికోటిన్ చిగుళ్ళలోని సన్నటి రక్తనాళాల్ని బిగిస్తుంది. చిగురు పాడవుతున్నా రక్తం రాదు, ఎర్రబడదు. తీరా పళ్ళు కదిలాక గానీ తెలియదు. మోతాదు తగ్గాక తల దిమ్మెక్కుతుంది, మళ్ళీ డబ్బీ తీస్తారు. బెల్లపు మడ్డి ఉంది కాబట్టి పంటికి తీపి కూడా అందుతుంది. రాసిన చోట చిగురు జారడం, తెల్ల మచ్చలు, చివరికి నోటి క్యాన్సర్ దీని వరస. టూత్‌పేస్టుల్లో, పళ్ళపొడుల్లో పొగాకు కలపడాన్ని 1992లోనే కేంద్రం నిషేధించింది. గుడాఖూ పొగాకు సరుకుగా అమ్ముడవుతూనే ఉంది.

పండగలో ఎవరైనా పెద్దమ్మ, అత్త ఆప్యాయంగా డబ్బీ చాపితే వద్దనడానికి మొహమాటం అక్కర్లేదు. మానాలనుకునేవాళ్ళు పొగాకు మాన్పించే జాతీయ ఉచిత నంబరు 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు.

పాలపళ్ళు ఎలాగూ ఊడిపోతాయిగా?

ఊడిపోయేవే. కానీ పాల దవడ పళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. అవి ముందే పుచ్చి పోతే పక్క పళ్ళు ఒరిగి, వెనక వచ్చేవాటికి చోటు లేకుండా చేస్తాయి. అంతకంటే పెద్ద పొరపాటు ఒకటి జరుగుతుంది. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద దవడ పన్ను చడీచప్పుడు లేకుండా వస్తుంది. అది జన్మంతా ఉండాల్సిన పన్ను. తల్లిదండ్రులు పాలపన్నే అనుకుని వదిలేస్తారు. దాని మీద గాడులు లోతుగా ఉంటాయి, జాతర మిఠాయి ముందు అందులోనే దిగుతుంది. పిల్లవాడికి ఆరు నిండాయంటే వెలుతురులో నోరు తెరిపించి చివరి పన్ను చూడండి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా రాత్రి బ్రష్ పెద్దవాళ్ళే పట్టుకోవాలి. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకూడదు, అందులో చక్కెర కలిపి అసలే వద్దు.

పండగ రాత్రి పన్ను పోటెత్తితే?

గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో పుక్కిలించి, పంటి సందులో ఇరుక్కున్నది దారంతో మెల్లగా తీయండి. లవంగం ఒకటి ఆ పంటి దగ్గర పెట్టుకుంటే కాసేపు తిమ్మిరెక్కి ఉపశమనం కలుగుతుంది. లవంగ నూనెను తిన్నగా చిగురు మీద పోస్తే బొబ్బ లేస్తుంది. నొప్పి మాత్రను నలిపి చిగురు మీద పెట్టడం ఇంకో పాత అలవాటు, అదీ కాలుస్తుంది. మాత్ర మింగడానికే. మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండా ఇచ్చే యాంటీబయాటిక్‌తో రెండు రోజులు నొప్పి అణుగుతుంది, గుంట అలాగే ఉంటుంది, వచ్చే మడయికి మళ్ళీ లేస్తుంది. సెలవులు అయ్యేలోగా పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

చెంప వాచి జ్వరం వచ్చినా, వాపు కంటి కిందికి గానీ దవడ కిందికి గానీ పాకినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా తెల్లారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి.